ఇనప గుండ్ల మామ్మగారు

పోయిన సోమవారం పొద్దున సింగపూర్‌లో టాంపినీస్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా ఫోన్‌కి సందేశం వచ్చింది. క్లెమెంటిలో నేను మూడేళ్లు అద్దెకున్న ఇంటి ఆంటీ పంపారు. "అమ్మ రాత్రి నిద్రలోనే వెళ్లిపోయింది. నిన్న ఆట గెలిచే వచ్చింది."

రైలు వచ్చి వెళ్లింది. నేను ఎక్కలేదు. మొదటి వాక్యం దగ్గర ఆగాల్సిన మనసు రెండో వాక్యం దగ్గర ఆగింది. ఆంటీ అది ఎందుకు రాశారో నాకు తెలుసు. రాయకపోతే మామ్మగారు ఊరుకోరు.

ఆ ఇంట్లో గది అడగడానికి వెళ్లిన రోజు తలుపు తీసింది మామ్మగారే. నలగని నూలు చీర, కాళ్లకి తెల్ల కాన్వాసు బూట్లు, చేతిలో ఒక పొడుగాటి తాడు. తాడు చివర రూపాయి బిళ్లంత అయస్కాంతం. ఆ అయస్కాంతంతో సోఫా కింద పడిన పిన్నీసు తీస్తున్నారు. వంగి తియ్యడం ఆమెకు నచ్చదు. చెంచా పడినా, తాళంచెవి పడినా తాడు దింపి పైకి లాగేవారు. మనిషి వంగితే పెద్దరికం జారిపోతుందని ఆమె లెక్క.

"ఏం చదువుతున్నావబ్బాయ్?" అన్నారు.

"మెకానికల్‌లో పరిశోధన, మామ్మగారూ. ఇనప గుండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకున్నప్పుడు పైన ఎంత అరుగుతుంది, ఎట్ల అరుగుతుంది అని."

తాడు చుట్టడం ఆపి నన్ను తేరిపార చూశారు. తర్వాత లోపలికి కేకేశారు. "ఏమేవ్! వీడికి గది ఇచ్చెయ్యి."

"అమ్మా, ఏ ఊరో, తింటాడో తినడో కూడా అడక్కుండా..."

"ఇనప గుండ్ల మీద చదువుతున్నాడే. ఇంకేం అడగాలి?"

ఆ రోజు నాకేమీ అర్థం కాలేదు. ఆదివారం అర్థమైంది. మా బ్లాకుకి రెండు వీధుల అవతల నిద్రగన్నేరు చెట్ల కింద కంకర పరిచిన ఒక స్థలం ఉంది. అక్కడ రిటైరైన చైనా అంకుల్స్ కొందరు, మధ్యలో మామ్మగారు, గుండ్లాట ఆడుతుంటారు. ఫ్రాన్సు దక్షిణ తీరంలో పుట్టిన ఆట, అసలు పేరు పెటాంక్, గుండ్లని బూల్స్ అంటారు. ఒక చిన్న చెక్కబంతిని ముందు విసురుతారు. దాన్ని అక్కడివాళ్లు పందిపిల్ల అంటారట. తర్వాత ఒక్కొక్కరూ పిడికిట్లో పట్టేంత ఇనప గుండ్లని దాని దగ్గరికి చేర్చాలి. ఎవరి గుండు దగ్గరుంటే పాయింటు వాళ్లది. అవతలివాళ్ల దగ్గరి గుండుకన్నా లోపల మనవి ఎన్నుంటే అన్ని పాయింట్లు. ముందు పదమూడు చేరినవాళ్లు గెలిచినట్టు.

"ముసలోళ్ల గోలీలాట," అనేవారు మామ్మగారు. ఇంతకన్నా తక్కువ మాటల్లో దీన్ని ఎవరూ చెప్పలేరు.

ఆమెది యానాం. పెళ్లై భర్త వెంట ఫ్రాన్సు వెళ్లారు. ఆయన అక్కడి సైన్యంలో వంటపని చేసి, బయటికొచ్చాక నీస్ పట్నంలో ఒక హోటల్ వంటింట్లో కుదిరారు. ఆయన పోయాక ఆమె కూతురి దగ్గరికి క్లెమెంటి వచ్చేశారు. జీవితచరిత్ర నాకు తెలిసింది ఇంతే. నీస్ మాత్రం వీధి వీధీ తెలుసు. అంతలా చెప్పారు.

ఆమె చెప్పే నీస్ ఏ టూరిస్టు పుస్తకంలోనూ ఉండదు. సముద్రం ఒడ్డున ఇసక లేదు, అన్నీ గుండ్రాళ్లే. "గోదారి ఇసకలో పెరిగిన కాళ్లురా ఇవి. మొదటిరోజు ఆ రాళ్ల మీద నడిచి, ఇదేం సముద్రం, అరుగు కట్టడం మర్చిపోయారేవిటి అన్నాను మీ తాతగారితో." ఒడ్డు పొడుగునా ఈతచెట్లలాంటి చెట్లు, నీలం కుర్చీలు. జనం ఆ కుర్చీల్లో సముద్రం వైపు తిరిగి కూర్చుని ఏమీ చెయ్యరు. పని లేకుండా కూర్చోడానికి ఊరే కుర్చీలు వేసిపెట్టడం ఆమెకు ఎప్పటికీ వింతే. పాత ఊళ్లో సందులు ఎంత ఇరుకంటే ఎండ కిందిదాకా దిగేది కాసేపే. గోడలు ఆవకాయ నూనె రంగు, కిటికీ తలుపులు ఆకుపచ్చ, పైన తాళ్ల మీద బట్టలు. మా బ్లాకులో వెదురు గడల మీద ఆరే బట్టల్ని చూపించి, "ఇదీ అదీ ఒకటే, కాకపోతే అక్కడ ఎండకి వాసన ఉంటుంది," అనేవారు. సింగపూర్ గాలి గురించి మటుకు మంచిమాట వినలేదు. "ఈ గాలికి ఎముక లేదు."

ఫిబ్రవరిలో అక్కడ పూల యుద్ధం చేస్తారట. బళ్లెక్కి జనం మీదకి పూలు విసరడం. అందులో ఎక్కువ ఉండేది పచ్చగా, గుండ్రంగా, మెత్తగా ఉండే ఒక పువ్వు. "ఏవిటనుకున్నావ్? మన తుమ్మపూల చుట్టమే! తుమ్మపూలు మీద వేయించుకోడానికి టిక్కెట్టు కొనుక్కుని నిలబడతారు." ఇది చెప్పినప్పుడల్లా నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేవారు.

అన్నిటికన్నా ముఖ్యం ఫిరంగి. నీస్‌లో కోట గుట్ట మీద రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు. కబుర్లలో పడి భోజనం ఆలస్యం చేసే పెళ్లాన్ని ఇంటికి రప్పించడానికి ఎవరో పరదేశి పెద్దమనిషి మొదలుపెట్టించాడని అక్కడి కథ. మామ్మగారు క్లెమెంటిలో కూడా పన్నెండు కాగానే, ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, పిడికిలి పైకెత్తి "ఢాం!" అనేవారు. వంటింట్లో ఉంటే ఢాం. బస్సులో ఉంటే కాస్త చిన్న ఢాం. ఒకసారి డాక్టరు రక్తపోటు చూస్తుండగా ఢాం. పాపం ఆయన మళ్లీ మొదట్నుంచీ చూశాడు.

"ఆయనగారు పెళ్లాం కోసం ఫిరంగి పేల్చాడని ఊరంతా చెప్పుకుంటారు. ఆ పెళ్లాం ఏవందో ఒక్కళ్లూ చెప్పరు, చూశావా?" అని అడిగేవారు.

వంట సంగతి చెప్పకపోతే బొమ్మ పూర్తి కాదు. ఆదివారం ఆటకి ఆమె తీసుకెళ్లేది సొక్కా. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె. పిండి జారుగా కలిపి రాత్రంతా ఉంచి, పెద్ద పళ్లెంలో పల్చగా పోసి, అవెన్ ఎంత వేడి ఇవ్వగలిగితే అంత వేడిలో పెట్టాలి. అంచులు మాడాలి, మధ్య మెత్తగా ఉండాలి. తీశాక కత్తితో కొయ్యరు, గీరి తీస్తారు. పైన కళ్లు మూసుకుని మిరియాల పొడి చల్లాలి. కాగితం పొట్లంలో పెట్టుకుని చేత్తో, నిలబడి, వేడిగా తినాలి.

మొదటిసారి నాకిచ్చినప్పుడు ఫ్రిజ్‌లోంచి అల్లప్పచ్చడి తెచ్చుకున్నాను.

"అబ్బాయ్, అదేవిటి?"

"అల్లప్పచ్చడి, మామ్మగారూ. ఇది శనగపిండి అట్టు తీర్గనే ఉంది గదా."

"అట్టు తీర్గనా! నీస్‌లో అయితే నిన్ను ఊళ్లోంచి పంపించేద్దురు." పచ్చడి గిన్నె తీసి లోపల పెట్టేశారు. కోర్టు దగ్గర చైనా అంకుల్స్ సొక్కా మీద మిరపకాయ సాసు పోసుకునేటప్పుడు మాత్రం ఏమీ అనేవారు కారు. అటు తిరిగి చెట్లు చూసేవారు.

ఉల్లిపాయల రొట్టె చేసేవారు. ఉల్లిపాయల్ని సన్నసెగ మీద, రంగు రానివ్వకుండా, జామ్ అయ్యేదాకా మగ్గించి, రొట్టెపిండి మీద పరిచి, పైన ఉప్పు చేపలు, చిన్న నల్ల ఆలివ్ కాయలు. క్రిస్మస్‌కి అక్కడ పదమూడు రకాల తీపి పెట్టాలట, ఎండుద్రాక్షలు, బాదం పప్పులు కూడా లెక్కలోకి వస్తాయట. "లెక్కకి సరిపెట్టుకోడంలో మన పేరంటాళ్లకేం తీసిపోరు," అనేవారు. ఆ పండక్కి పశువులపాక ముందు పేర్చే మట్టిబొమ్మలు ఆమె దగ్గర కొన్ని ఉన్నాయి. చేపలమ్మే ఆవిడ, వెల్లుల్లి దండలతో ఒక రైతు, గుండ్లాట ఆడుతున్న నలుగురు ముసలివాళ్లు. వాటిని దసరా కొలువులో సీతారాముల పక్కన నిలబెట్టేవారు.

"నలుగురూ మగాళ్లే," అని నాకు చూపించారు ఓసారి. "నన్నెవడూ చెయ్యలేదు."

అది ఊరికే అన్నమాట కాదు. నీస్‌లో వాళ్లింటి ముందు చెట్ల కింద ప్రతి ఆదివారం మగవాళ్లు గుండ్లాట ఆడేవారు. వాళ్లాయన కూడా. ఆమె పని బెంచీ మీద కూర్చుని ఆయన కోటు పట్టుకోవడం. ఒకసారి తనూ విసురుతానని అడిగితే ఆయన నవ్వి, "నీ చేతికి ఇవి పెద్దవే," అన్నారట. మర్నాటి నుంచి ఆయన పనికి వెళ్లగానే ఆమె సముద్రం ఒడ్డుకెళ్లి గుండ్రాళ్లతో సాధన మొదలుపెట్టారు. ఒక రాయి దూరంగా పెట్టడం, ఇంకో రాయితో దాన్ని కొట్టడం. ఏళ్ల తరబడి. ఆయనకి చివరిదాకా తెలియదు. ఆయన గుండ్లు ఆమె చేతికొచ్చింది ఆయన పోయాకే.

ఈ ఆటలో రెండు పనులుంటాయి. గుండుని పందిపిల్ల దగ్గరికి మెల్లగా చేర్చడం ఒకటి. అవతలివాళ్ల గుండు దగ్గరగా ఉంటే దాన్ని గాల్లోంచి వచ్చి కొట్టి ఎగరగొట్టడం రెండోది. క్లెమెంటి జట్టులో రెండో పని కెప్టెన్ అంకుల్‌ది. బస్సు నడిపి రిటైరైన మనిషి. పొద్దున్నే వచ్చి కోర్టు మూల టిష్యూ పొట్లం పెట్టి చోటు చోప్ చేసేది, అంటే మాకోసం ఆపిపెట్టేది, ఆయనే. మంచివాడు. కానీ మామ్మగారిని కొట్టనిచ్చేవాడు కాదు.

"ఆంటీ, యూ పాయింట్, కెన్. షూట్, కెనాట్ లా. షోల్డర్ పెయిన్ హౌ?"

"మై షోల్డర్, ముస్యే. నాట్ యువర్ షోల్డర్." మగవాళ్లందర్నీ ఆమె ముస్యే అనే పిలిచేవారు.

"పాయింట్ ఆల్సో వెరీ ఇంపార్టెంట్ వాట్."

ఇంటికొచ్చే దారిలో నాతో అనేవారు. "దగ్గరికి చేర్చడం ఇంపార్టెంటేరా, కాదన్లేదు. ఇల్లు ఊడవడం కూడా ఇంపార్టెంటే. ఒక్కసారి పందెంలో కొట్టాలబ్బాయ్. ఉత్తుత్తి ఆటలో కాదు. అవతలివాడి గుండు లేచిపోయి, వాడి చోట్లో నా గుండు కూర్చోవాలి. దాన్ని అక్కడ కారో అంటారు. కోటు పట్టుకుని వందలు చూశాను. ఒక్కటి నాది కావాలి."

రెండో ఏడు దసరాకి ఆ రోజు వచ్చింది. హౌగాంగ్ జట్టుతో పోటీ. జట్టుకి ముగ్గురు, ఒకరు అదనం. మామ్మగారు అదనం. అంటే బెంచీ. మళ్లీ బెంచీ అని ఆమె నోటితో అనలేదు గానీ, ముందురోజు ఉల్లిపాయలు తరిగిన చప్పుడులో వినిపించింది.

ఆ ఆదివారమే మహానవమి. పొద్దున్నే ఆంటీ ఆయుధపూజకి అన్నీ సర్దారు. లాప్‌టాప్, కూరల కత్తి, కత్తెర, కుక్కరు, నన్ను అడగకుండానే నా వెర్నియర్ కాలిపర్. కోర్టులో ఎవరి గుండు దగ్గరో తేలనప్పుడు నేను కొలిచేది దాంతోనే. వాటి మధ్యలో తాతగారి మూడు ఇనప గుండ్లు, ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు.

"అమ్మా, ఇవాళ నీకెలాగూ ఆట లేదుగా," అన్నారు ఆంటీ కొంచెం తప్పుచేసినట్టు.

"ఉండనీ. ఆయుధాలేగా," అన్నారు మామ్మగారు. సొక్కా డబ్బా, గడ్డి టోపీ, అయస్కాంతం తాడు తీసుకుని నాతో బయల్దేరారు.

ఆట మధ్యలో కెప్టెన్ అంకుల్ గుండు విసిరి అలాగే ఆగిపోయాడు. నడుం పట్టేసింది. ఇద్దరు పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు. అప్పటికే హౌగాంగ్ ముందుంది. కెప్టెన్ అంకుల్ బాధలోనే మామ్మగారి వైపు చూశాడు.

"ఆంటీ, యువర్ టర్న్. వేర్ యువర్ బూల్స్?"

"పూజాలో," అన్నారు మామ్మగారు.

"పూజా వేర్?"

నేను చెప్పాను. ఇవాళ మావాళ్లు పనిముట్లకి పూజ చేస్తారని, గుండ్లు దేవుడి దగ్గర ఉన్నాయని. హౌగాంగ్ వాళ్లలో ఒకాయన నవ్వి, "వాహ్, గాడ్ ఆల్సో ప్లే పెటాంక్ ఆ?" అన్నాడు. నేను పరుగెత్తబోయాను. "పది నిమిషాల్ల తెస్త మామ్మగారూ."

"ఆగరా! అమ్మవారి దగ్గర కూర్చున్నవాటిని లేపుతావా? రేపటిదాకా అవి కదలవు." కెప్టెన్ అంకుల్ పక్కనున్న గుండ్ల వైపు చెయ్యి చాపారు. "యువర్స్, ముస్యే."

"టూ బిగ్ ఫర్ యూ, ఆంటీ!"

ఆ మాట విన్నాక ఆమె మొహం ఎలా మారిందో నేను మాత్రమే చూశాను. గుండ్లు తీసుకున్నారు. నిజంగానే పెద్దవి, బరువువి. ఈ ఆటలో గుండుని అరచేతి కొలతని బట్టి ఎంచుకుంటారు. ఆమె వేళ్లు సగం దాకా కూడా చుట్టలేదు.

అయినా దగ్గరికి చేర్చే పని ఆమె చేసుకుంటూ పోయారు. మిగతా ఇద్దరూ కూడదీసుకున్నారు. స్కోరు మాకు పది, వాళ్లకి పన్నెండు. ఇంకొక్క పాయింటు చాలు వాళ్లకి. ఆ చివరి వంతులో వాళ్ల గుండ్లన్నీ అయిపోయాయి. అందులో ఒకటి పందిపిల్లకి ఆనుకుని కూర్చుంది, గోరు కూడా దూరదు. మావి రెండు దాని తర్వాతి స్థానాల్లో దగ్గర్లోనే ఉన్నాయి. మావాళ్లిద్దరి గుండ్లూ అయిపోయాయి. మిగిలినవి మామ్మగారి చేతిలో రెండు.

బెంచీ మీంచి కెప్టెన్ అంకుల్ అరుస్తున్నాడు. "పాయింట్, ఆంటీ, పాయింట్!"

ఆనుకుని ఉన్నదానికన్నా దగ్గరికి ఏది చేరుతుంది? అలవాటు కొద్దీ అరిచాడంతే. మామ్మగారు వినలేదు. గీసిన వృత్తంలో రెండు కాళ్లూ ఆనించి నిలబడి కొట్టారు. బరువుకి గుండు ముందే పడి కంకరలో కూరుకుపోయింది.

"అయ్యో," అన్నారు హౌగాంగ్ వాళ్లు. ఆ మాట సింగపూర్‌లో అందరిదీ.

ఒక్కటి మిగిలింది. మామ్మగారు వృత్తంలోంచి బయటికొచ్చారు. కుడిచేతి గాజులు తీసి నాకిచ్చారు. నెత్తి మీది గడ్డి టోపీ రిబ్బను విప్పి, బెంచీ దగ్గరికి నడిచి, కెప్టెన్ అంకుల్ ఒళ్లో పెట్టారు.

"పట్టుకో, ముస్యే."

ఆయనకి తెలుగు రాదు. కానీ రెండు చేతులా పట్టుకున్నాడు.

మళ్లీ వృత్తంలోకి వచ్చారు. గుండుని అరచేతి కిందుగా పట్టి, చెయ్యి వెనక్కి చాలాదూరం తీశారు. నొప్పి భుజం అని ఆయన అనేవాడే, ఆ భుజమే. గుండు నేను లెక్కగట్టే దారికన్నా ఎత్తుగా లేచింది. ఆకుల నీడలోకి వెళ్లింది, ఎండలోకి వచ్చింది, దిగింది. పరిశోధనశాలలో ఇనుము ఇనుముని తాకే చప్పుడు నేను రోజూ వింటాను. అలాంటిది ముందు వినలేదు, తర్వాతా వినలేదు. వాళ్ల గుండు లేచిపోయి చెట్టు మొదట్లో పడింది. దాని చోట్లో, పందిపిల్ల పక్కన, కెప్టెన్ అంకుల్ గుండు ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది. తిరిగి తిరిగి ఆగింది. దాని వెనక మావి రెండు. మూడు పాయింట్లు. పదమూడు. కొలవాల్సిన అవసరమే రాలేదు.

గడియారంలో పదకొండు కూడా కాలేదు. మామ్మగారు పిడికిలి పైకెత్తారు.

"ఢాం!"

నడుం పట్టేసిన కెప్టెన్ అంకుల్ లేచి నిలబడ్డాడు. టోపీ గాల్లో ఊపుతున్నాడు. హౌగాంగ్ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. సొక్కా డబ్బా ఖాళీ అయింది. ఆ రోజు మిరపకాయ సాసు పోసుకున్నవాళ్ల వైపు ఆమె నేరుగా చూసి నవ్వారు. తర్వాత అయస్కాంతం తాడు దింపి, ఆ గుండుని తనే, వంగకుండా, పైకి తీసుకున్నారు.

ఆనాటి నుంచి కొట్టే పని ఆమెది. నేను ఉద్యోగం వచ్చి టాంపినీస్ మారిపోయాక కూడా, పోయిన ఆదివారం దాకా, ఆమెదే. చేర్చే పని కెప్టెన్ అంకుల్ చేసేవాడు. "పాయింట్ ఆల్సో వెరీ ఇంపార్టెంట్ వాట్," అని ఆయనకి గుర్తు చేసేవారట.

ఆ నవమి మధ్యాహ్నం ఇంటికొచ్చాం. ఆంటీ గుమ్మంలోనే ఏడుపు మొహంతో నిలబడ్డారు. ఎవరో ఫోన్ చేసి మామ్మగారినే ఆడమన్నారని చెప్పారట. "సారీ అమ్మా, నా వల్లే. నాన్న గుండ్లు పూజలో పెట్టేశాను. అవి ఉంటే..."

మామ్మగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. బూట్లు విప్పి, కాళ్లు కడుక్కుని, పూజ దగ్గరికెళ్లారు. మూడు గుండ్లు, మూడు బొట్లు, పక్కన నా కాలిపర్, వెనక గోడకి తాతగారి ఫొటో. చాలాసేపు దణ్ణం పెట్టుకుంటారని మేం వెనక్కి జరిగాం. ఆమె దణ్ణం పెట్టలేదు. టోపీ చంకలో పెట్టుకుని, ఫొటో వైపు చూసి, పక్కింటివాళ్లతో మాట్లాడినంత మామూలుగా అన్నారు.

"చూశారా? మీవి కూడా అక్కర్లేకపోయింది."